ఆళ్లగడ్డ దాటని ఉడుత

మధ్యాహ్నం ఎండ దంచుతున్న వేళ, కడప ఏడురోడ్ల దగ్గర మందుల షాపు మీదున్న మేడగది గుమ్మంలోకి ఒకామె వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకసారి వెనక మెట్లవైపు, ఒకసారి గదిలోకి చూస్తోంది. ఏదో చెడ్డ కబురు తనకంటే ముందే ఈ గదికి వచ్చి కూర్చుందేమోనని వెతుకుతున్నట్టుంది ఆ చూపు.

అలాంటి చూపులు కృపమణికి కొత్త కాదు. హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ పని పెట్టుకున్నప్పటి నుంచి, ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చాలామంది ముందు గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు.

"లోపలికి రాక్కా. ఏమీ కాలేదు, కూర్చో."

"ఏమీ కాలేదని నీకెట్ల తెలుసమ్మా?" అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ.

కృపమణి సహాయకుడు సుంకప్ప గబగబా కుర్చీ లాగాడు. అతను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మేడం ఎవరి ముఖమైనా ఒక్కసారి చూసి కడుపులో మాట చెప్పేయగలదని అతని నమ్మకం. చల్లటి నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చి, పక్కన సగం చెక్క కూడా పెట్టాడు. "పులుపు చాలకపోతే పిండుకోక్కా. మేడం దగ్గరికి వచ్చినావు కదా, ఇంగ నీ భయం సగం పోయినట్టే."

ఆమె పేరు విశ్వాసమ్మ. ఊరు కోడుమూరు. చిన్న కొడుకు అరుణ్ కుమార్ కర్నూలు బయట నంద్యాల రోడ్డులో షెడ్డు వేసి కరెంటు కార్లు తయారుచేస్తున్నాడు. నలుగురు పట్టే బుల్లి కారు. దానికి 'ఉడుత' అని పేరు పెట్టుకున్నాడు.

"పెద్ద పెద్ద కంపెనీలోళ్లు రేటు తగ్గించినారని పేపర్లో వచ్చిన దినమంతా మావాడు అన్నం ముట్టడమ్మా. బెటరీలిచ్చేవాళ్లు ముందే దుడ్లు కట్టమంటారు. కారు కొనేవాళ్లేమో బండి ఇంటికొచ్చినాకే ఇస్తామంటారు. ఆ రెంటి మధ్యన నలిగిపోతాండాడు. బెంగుళూరు నుంచి రామకృష్ణ అని ఒకాయన పెట్టుబడి పెడతానని వచ్చినాడు. కర్నూల్లో బయలుదేరి, దావలో ఒక్కసారే ఛార్జి పెట్టి, కడప చేరాల. చేరితే చాలన్నాడు. రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ ఆళ్లగడ్డ కాడ హోటల్ ముందర వైరు పెడితే, బండి ఛార్జి తీసుకోనంటే తీసుకోనని మొరాయించింది. ఈ పొద్దు రెండోసారి. శుక్రవారం ఇంకొక్కసారి చూస్తానన్నాడు ఆయన. నేను వెనక జీపులో ఉండా. వాడు రోడ్డుపక్కన రాయి మీద కూచ్చుని, పోయే లారీల వంక చూస్తాండాడమ్మా. ఆ చూపు చూసినాక ఆడ ఉండలేకపోయినా. చెప్పకుండా బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేసినా."

"ఎవరి మీదన్నా అనుమానమా?"

"ఎవరి మీద లేదని చెప్పమంటావు? ఊరంతా కుళ్ళుకుంటాండాది! మాదిగోళ్ల పిల్లోడు కారు చేసినాడని పేపర్లో ఫోటో పడినప్పటి నుంచి ఒక్కరు కూడా నిమ్మళంగా లేరు. వానితో పాటు కంపెనీ పెట్టిన భూపేష్ ఉండాడు చూడు, ఆ ఫోటోలో వాడు లేడు. ఆ దినం నుంచి వాని ముఖం మాడిపోయిన అట్టు మాదిరి ఉండాది."

"నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరమ్మా. పెద్దోడు లేవి. తమ్ముని దగ్గరే డ్రైవరుగా ఉండాడు. వానికేమి, గట్టోడు. వాని గురించి నాకు ఎప్పుడూ భయం లేదు."

కృపమణి ఆమె చేతులు చూస్తోంది. వచ్చినప్పుడు కుడిచేతి వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. నిమ్మచెక్క పిండుకుని నీళ్లు తాగి, వెళ్తూ దండం పెట్టినప్పుడు అవే కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. కృపమణి ఆ చేతులు పట్టుకుని, "శుక్రవారం మూడోసారి బయలుదేరుతుంది కదా. అంతలోపల నేను వస్తా. నీ కొడుక్కి ఏమీ కానీను," అంది.

"ఏమన్నా అయితే?" అంది విశ్వాసమ్మ మెట్లు దిగుతూ.

*

షెడ్డులో అడుగుపెట్టగానే సుంకప్పకి గుండె చెరువైపోయింది. వరసగా నిలబడ్డ ఉడుతలు, పచ్చవీ ఎర్రవీ, అద్దాలు తుడిచి, సీట్లు కుట్టి, పెళ్లికి ముస్తాబైనట్టున్నాయి. కానీ ఒక్కదానికీ బ్యాటరీ లేదు. కొనడానికి డబ్బు లేక అలా ఆగిపోయాయి. నడిచే బండి ఒక్కటే, ఆ తెల్ల ఉడుత.

అరుణ్ కుమార్ సన్నటి మనిషి. కళ్లకింద నలుపు. కృపమణి ముందు ఒక అట్టపెట్టె పెట్టి మూత తీశాడు. అందులో రెండు సాకెట్లు ఉన్నాయి, ఛార్జింగ్ వైరు గుచ్చే భాగాలు.

"ఇదొకటి మొదటిసారి చెడిపోయింది, ఇదొకటి మొన్నటిది మేడం. ఊడదీసి కొత్తది వేస్తే షెడ్డులో బ్రహ్మాండంగా ఛార్జి అవుతుంది. రోడ్డెక్కితే ఆళ్లగడ్డ దగ్గర మళ్లీ ఇంతే. లోపల చూడండి, ఎర్రమట్టి. లోతు రంధ్రాలు కదా, దుమ్ము పట్టేస్తోంది. లోపల పొర పట్టిందంటే వేడెక్కకుండా బండే ఛార్జి ఆపేసుకుంటుంది."

"మూతకి రబ్బరుందే. దుమ్ము ఎట్ల పోతుంది?"

"అదే నాకూ అర్థం కాలేదు."

"నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా రెండుపక్కలా నల్లరేగడి చేలే కదప్పా. ఎర్రమట్టి యాడిది?"

అరుణ్ సాకెట్టుని వెలుతురుకి తిప్పి చూశాడు. ఇన్నాళ్లూ కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు చూశాడు గానీ, చేల రంగు చూడలేదు. కృపమణి ఒక సాకెట్టు సంచిలో వేసుకుంది.

భూపేష్ కూడా షెడ్డులోనే ఉన్నాడు. బనగానపల్లె దగ్గర మామిడితోటలున్న కుటుంబం. కడిగిన చొక్కా, చేతికి బంగారు గొలుసు. ప్రశ్న అడక్కముందే చెప్పేశాడు.

"కుళ్ళుకున్నావా అని అడుగుతారు, అంతేగా మేడం? కుళ్ళుకున్నా. మా నాయన తోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో ఈ షెడ్డు లేచింది. పేపరోడు వచ్చి వాని ఫోటో తీసుకుని, నన్ను 'పక్కకి జరగన్నా' అన్నాడు. రెండు దినాలు నిద్ర పట్టలేదు. మా పెదనాయన కొడుకు కరెంటు ఆటోల షోరూము పెట్టి, ఇది మూతబడితే షెడ్డు నాకియ్యి అని దినమూ ఫోన్ చేస్తాడు. ఇన్ని ఉండాయి. కానీ బండి ఆగిపోతే మునిగేది మా నాయన తోట. నా కొంప నేనే ఎందుకు కాల్చుకుంటా?"

"బయలుదేరే ముందు ఏం చేస్తారు?"

"మా అమ్మ వచ్చి దిష్టి తీస్తుంది. అరుణ్ వాళ్లు ప్రార్థన చేసుకుంటారు. ఎవరి నమ్మకం వాళ్లది."

భూపేష్ తల్లి నాగలక్ష్మమ్మ కూడా అక్కడే ఉంది. గట్టి గొంతు మనిషి. "పసుపు నీళ్లల్లో సున్నం వేస్తే ఎర్రగా అవుతాయి కదా, ఆ ఎర్రనీళ్లు పళ్లెంలో పోసి బండి చుట్టూ మూడుసార్లు తిప్పి, టైర్ల ముందర నేలమీద పారబోస్తా. మా ఇంట్లో ట్రాక్టరుకీ అంతే, ట్రాన్స్‌ఫార్మరుకీ అంతే. ఇందులో దొంగతనం ఏముండాది?"

"ఏమీ లేదక్కా. పళ్లెం చూపిస్తావా?"

అది అన్నం పళ్లెమంత వెడల్పు ఇత్తడి పళ్లెం. కృపమణి అంచు తడిమి చూసి తిరిగిచ్చేసింది.

అంతలో బయట లేవి కేక వినబడింది. సుంకప్ప నీళ్లసీసా ఉడుత మీద పెట్టి, ఛార్జింగ్ మూత దగ్గర మొహం కడుక్కోబోయాడట.

"ఏమప్పా, కొంచెమన్నా తెలివుండాదా? ఆడ తడి తగలనిస్తారా! ఒక్క చుక్క లోపలికి పోయిందంటే బండి అలుగుతాది!"

"నాకేం తెలుసప్పా, బస్సుకి నెత్తిన నీళ్లు పోసినా ఏమీ అనేది కాదు," అన్నాడు సుంకప్ప చిన్నబోయి.

లేవి నవ్వాడు. వెడల్పు భుజాలు, ఎండకు మాడిన మెడ. నవ్వినప్పుడు మాత్రం తల్లి పోలిక. కృపమణి దగ్గరికొచ్చి, "ఈ మూత బయట నుంచి రాదా?" అని అడిగింది.

"రాదు మేడం. డ్రైవరు సీటు కింద లాగుడు ఉండాది. తాళం తిప్పి, అది లాగితేనే తెరుచుకుంటాది."

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే. ఈ బండిని నా మాదిరి నడిపేవాడు ల్యాడు. మావాడు తొక్కుడు తొక్కితే నంద్యాలకే సగం తాగేస్తాది."

"కోడుమూరులో చేను ఎవరు చూసుకుంటున్నారు?"

నవ్వు ఆగింది. "చేను యాడుండాది మేడం? కొర్రలు, ఆముదాలు వేసేవాణ్ని. అమ్మేసినారు. ఇదో, ఈ షెడ్డు పైకప్పు అదే." తలెత్తి రేకుల వైపు చూశాడు. "ఎండాకాలం దీని కింద నిలబడితే చేన్లో ఉన్నట్టే ఉంటాది లే."

తిరుగు బస్సులో సుంకప్ప ఆగలేకపోయాడు. "భూపేషే మేడం. బంగారు గొలుసు వేసుకున్నోడు ఇంత నిజం మాట్లాడినాడంటే అబద్ధం యాడో దాచినట్టే."

"సుంకప్పా, శుక్రవారం ఒక నిమ్మకాయ తీసుకురా," అంది కృపమణి, కిటికీలోంచి చూస్తూ. ఆమె మొహంలో సంతోషం లేదు. దొంగ దొరికినప్పుడు ఉండాల్సిన ఉత్సాహం లేకపోవడం చూసి సుంకప్పకి మొదటిసారి ఆ కేసంటే భయం వేసింది.

*

శుక్రవారం పొద్దున తెల్ల ఉడుత గేటు దగ్గర సిద్ధంగా ఉంది. హోటల్లో టిఫిను తిని వస్తున్నానని రామకృష్ణ ఫోన్ చేశాడు. ఇదే ఆఖరిసారని కూడా చెప్పాడు. నాగలక్ష్మమ్మ పళ్లెంతో వచ్చింది. విశ్వాసమ్మ గుడ్డసంచి చంకలో పెట్టుకుని ఒక పక్కగా నిలబడింది. అందరినీ షెడ్డులోకి పిలిచి, కృపమణి తలుపు దగ్గరికి వేసింది.

"ఆయన వచ్చేలోపల చెప్పేస్తాను. అడ్డం రాకుండా వినండి."

సంచిలోంచి సాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. సుంకప్ప నిమ్మకాయ కోసిచ్చాడు. కృపమణి రెండు చుక్కలు పిండింది. అందరూ వంగి చూశారు. ఎర్రటి మరక కళ్లముందే పసుపుపచ్చగా మారింది.

ఇద్దరు తల్లులకీ వివరించాల్సిన పని లేకపోయింది. వంటింట్లో, గుమ్మాల దగ్గర జన్మంతా చూసిన సంగతే అది.

"పసుపు, సున్నం," అన్నాడు అరుణ్ నెమ్మదిగా. తర్వాత నాగలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వా?"

"ఏమిరా, నన్నా! నా కొడుకు తోట తాకట్టులో ఉంటే నేనా!"

"ఆమె కాదు," అంది కృపమణి. "అంత వెడల్పు పళ్లెంతో అంత సన్నటి రంధ్రాల్లో పోస్తే బండంతా ఎర్రబడాలి. బండి తెల్లది, ఒక్క మరక లేదు. దీనికి సన్న ముక్కున్న గిన్నె కావాలి. చుక్క చుక్కగా నోట్లోకి పోసేది. అక్కా, నీ సంచిలో ఉన్నది బయటికి తీస్తావా?"

విశ్వాసమ్మ కదల్లేదు. సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత దాని మూతి తనే విప్పింది. పాతగుడ్డలో చుట్టిన ఉగ్గుగిన్నె. పిల్లలకి ఉగ్గుపాలు పట్టే గిన్నె. దాని ముక్కు చివర ఎర్రగా ఉంది.

"అమ్మా!" అన్నాడు అరుణ్.

"నా బిడ్డకి దిష్టి తగిలిందిరా," అంది విశ్వాసమ్మ. "చర్చిలో అయ్యగారికి తెలిస్తే ప్రభువు బల్లకి రానీడు. అందుకే ఎవరికీ చెప్పలా. ఊరంతా నీ మీద కళ్లు పెట్టినారు. నేను ఏం చేసేది? నీకు ఉగ్గు పోసిన గిన్నెతోనే రెండు చుక్కలు పోసినా. చెడగొడతాదని నాకేం తెలుసు? బండి ఆగినప్పుడల్లా, దిష్టి ఎంత బలమైందో అనుకుని ఇంకొంచెం ఎక్కువ పోద్దామనుకున్నా..."

ఆమె అక్కడే చతికిలబడింది. ఎవరో కుళ్ళుబోతు తన కొడుకుని చంపేస్తున్నాడని డిటెక్టివుని పిలిచిన తల్లి, దాన్ని చేసిన చేతులు తన ఒళ్లోనే ఉన్నాయని చూసుకుంటోంది. భూపేష్ మొహం తిప్పుకున్నాడు.

"నీ తప్పు సగమే అక్కా," అంది కృపమణి. "దిష్టి నీళ్లు ఎవరైనా నేలమీద పోస్తారు. బండి లోపల పోయాలని నీకెవరు చెప్పారు? ఆ మూత బయటి నుంచి రాదు. తాళం తిప్పి, సీటు కింద లాగాలి. ఆ పని నీ కోసం ఎవరు చేశారు?"

విశ్వాసమ్మ తలెత్తలేదు. అబద్ధం ఆడటం చేతకాక, నిజం చెప్పడం చేతకాక, గిన్నెని అటూ ఇటూ తిప్పుతోంది.

"మొన్న మా సుంకప్ప నీళ్లసీసా పెడితేనే, ఒక్క చుక్క పోయినా బండి అలుగుతుందని అరిచాడు లేవి," అంది కృపమణి. "ఆ మాట తెలిసినవాడు, తల్లి ఎర్రనీళ్లు పోస్తుంటే మూత తీసి పట్టుకున్నాడు. అదీ రెండుసార్లు. చెప్పు లేవీ, ఏమని చెప్పావు అమ్మకి?"

షెడ్డు రేకులు ఎండకి టప్పుమంటున్నాయి. లేవి తాళం చేతిలో ఆడించడం ఆపాడు.

"దీని నోరు ఇదే అమ్మా అని చెప్పినా. దిష్టి తగిలేది తినేకాడ కదా, నేలకి పోస్తే ఏమొస్తాది, నోట్లో వెయ్యి అని చెప్పినా. నాగలక్ష్మమ్మ తీసేది ఆమె కొడుకు పేరు మీద, నీ కొడుక్కి నువ్వు తీసుకోవాల అని చెప్పినా." కృపమణి వైపు తిరిగాడు. "మేడం చెప్పిందంతా నిజమే."

"ఎందుకన్నా?" అరుణ్ ముందుకొచ్చాడు. "చేను కావాలని ఒక్క మాట అడిగింటే—"

"చేను కాదురా." లేవి తమ్ముణ్ని పక్కకి తోసి తల్లి ముందు నిలబడ్డాడు. "అమ్మా, వానికి దగ్గొస్తే నువ్వు రాత్రంతా లేచి కూచ్చునేదానివి. వాడు బస్సెక్కితే బస్సు పడిపోతాదేమోనని ఏడ్చేదానివి. నన్ను పాము కరిచినప్పుడు కూడా, వాడు గట్టోడు, వానికేం కాదు అన్నావు. పేపర్లో వాని ఫోటో పడితే ఊరంతా కుళ్ళుకుంటాండాదని దేవునికి కూడా తెలీకుండా ఎర్రనీళ్లు కలిపినావు. నాకెప్పుడన్నా కలిపినావా? నన్ను చూసి ఎవరన్నా కుళ్ళుకుంటారేమోనని ఒక్క దినమన్నా భయపడినావా? కుళ్ళుకునేదానికి నా దగ్గర ఏముండాది? వాని బండి ఆగిపోతే, మల్ల ఇద్దరమూ ఒకటే అవుతామనుకున్నా. అంతే."

సుంకప్ప చేతిలో మిగిలిన నిమ్మచెక్కని ఏం చేయాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

భూపేష్ ముందు తేరుకున్నాడు. "పోలీసులకి చెప్దాం. మా నాయన తోట—"

"చెప్పేది లేనిది అరుణ్ ఇష్టం," అంది కృపమణి. "నా పని అయిపోయింది."

గేటు బయట కారు హారన్ మోగింది. రామకృష్ణ వచ్చాడు. లేవి తాళం తీసి బల్ల మీద పెట్టి నడవబోయాడు. అరుణ్ ఆ తాళం అందుకున్నాడు.

"నేనే నడుపుతా," అన్నాడు.

"నువ్వు నడిపితే ఆళ్లగడ్డ దాకా పోనే పోదు. నంద్యాలలోనే తోసుకోవాల," అన్నాడు భూపేష్ పళ్లు బిగించి. కోపంలోనైనా అది లెక్క. అందరికీ తెలిసిన లెక్క.

అరుణ్ అన్న మొహం చూడకుండా తాళం చాపాడు. "నేను మరిచిపోలా. మరిచిపోను. వచ్చినాక మాట్లాడదాం. ఇప్పుడు ఎక్కు."

లేవి చాలాసేపు ఆ తాళం వంక చూసి, తీసుకున్నాడు.

"ఆగు," అంది విశ్వాసమ్మ.

ఆమె లేచి నాగలక్ష్మమ్మ దగ్గరికి పోయి చేతులు చాపింది. నాగలక్ష్మమ్మ ఒక మాట అనబోయి, ఆపుకుని, పళ్లెం ఇచ్చేసింది. విశ్వాసమ్మ బండి దగ్గరికి పోలేదు. పెద్దకొడుకు చుట్టూ తిప్పింది. వాడు ఎత్తు కాబట్టి ఆమెకి చేతులందలేదు. లేవి తల వంచాడు. ఎర్రనీళ్లు అందరి ముందరా, పట్టపగలు, నేలమీద పోసింది.

*

తల్లులిద్దరినీ షెడ్డులోనే ఉంచి, కృపమణి కూడా ఉండిపోయింది. ఆళ్లగడ్డ నుంచి అరుణ్ ఫోన్ చేశాడు. వైరు గుచ్చగానే పచ్చలైటు వెలిగిందట. హోటల్లో రామకృష్ణ రెండో టీ తాగుతున్నాడట. మధ్యాహ్నానికి మళ్లీ మోగింది. ఉడుత కడప చేరింది. బ్యాటరీలకి డబ్బు సోమవారం వేస్తానని రామకృష్ణ అరుణ్ చేతిలో చేయి వేసి చెప్పాడు. మిగతా బండ్లు బయటికొచ్చేదాకా ఊపిరాడుతుంది. అంతకు మించి ఎవరూ చెప్పలేరు. భూపేష్ వెనకాల జీపులోంచి అరుస్తున్న కేకలు ఫోన్లో వినబడ్డాయి. నాగలక్ష్మమ్మ దేవుడికి దండం పెట్టుకుని, పట్టలేక విశ్వాసమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

విశ్వాసమ్మ మాత్రం తన ఫోనుని చెవికి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంటోంది.

"ఏమక్కా, అరుణ్ బాగానే ఉన్నాడుగా?" అంది కృపమణి.

"వాడు కాదమ్మా. పెద్దోడు ఎత్తడం ల్యా. ఎన్నిసార్లు చేసినా ఎత్తడం ల్యా. తిన్నాడో లేదో. మనసు బాగాలేకుండా బండి నడిపినాడు. ఎటన్నా పోయినాడేమో. ఏమన్నా అయ్యిందేమో!"

సుంకప్ప తన ఫోన్లోంచి కలిపి ఇచ్చాడు. మోగి మోగి, ఆఖరికి ఎత్తినట్టు శబ్దం వచ్చింది.

"లేవీ! నాయనా, ఏమయ్యిందిరా? ఎందుకు ఎత్తవు? నా ప్రాణం పోయింది కదరా!"

అవతల కొంచెంసేపు గాలి చప్పుడే వినబడింది.

"భయపడినావా?" అన్నాడు లేవి.

"పడినా."

"శానా?"

"శానారా," అంది విశ్వాసమ్మ, ఏడుస్తూ.

"ఇంటికొస్తాండా," అన్నాడు వాడు.